హైదరాబాద్ నుంచి గండికోట: రెండు రోజుల్లో కుదురుతుందా? అమ్మ, పిల్లలతో

శనాదివారం
రెండు రోజులు ఊరు దాటి ఎక్కడికైనా పోదామని ఇంట్లో దసరా నుంచి నలుగుతోంది. చివరికి మా ఆవిడ గండికోట రీల్ ఒకటి చూసి అక్కడికే అని తేల్చేసింది. మేం ఆరుగురం. నేను, తను, ఇద్దరు పిల్లలు (తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు), మా అమ్మ, మా బావమరిది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నడుస్తుంది కానీ మెట్లంటే మొహం చిట్లిస్తుంది. ఇల్లు నిజాంపేటలో, మ్యాప్ 380 కిలోమీటర్లకు అటూ ఇటూగా చూపిస్తోంది.

జనవరిలో ఒక శనివారం తెల్లవారుజామున కార్లో బయలుదేరి ఆదివారం రాత్రికి ఇంట్లో పడాలి. దారిలో యాగంటి, బేలం గుహలు, వీలైతే తాడిపత్రి గుళ్లు కూడా చూసేద్దామని మా బావమరిది లిస్టు రాశాడు. అవుతుందా? రాత్రికి టెంటా, గదా? దయచేసి ఎవరూ గూగుల్ చేయమనకండి. చేశాను. ప్రతి వీడియోలోనూ అదే బండ మీద ఎవరో ఒకరు చేతులు చాపి నిలబడి ఉన్నారు, బాత్రూమ్ ఎక్కడుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

బుల్లెట్_బాబాయ్
గూగుల్ చేయండి.

బుల్లెట్_బాబాయ్
ఊరికే అన్నాలెండి. కళ్లు మూసుకుని వెళ్లిపోండి, అంత బాగుంటుంది. అక్కడికి చేరాక మాత్రం తెరవండి, లోయ అంచుకు రెయిలింగ్ లేదు.

చార్మినార్_చాయ్
యాగంటి, బేలం, తాడిపత్రి, గండికోట, అన్నీ రెండు రోజుల్లో. మీ బావమరిది ట్రావెల్స్ పెట్టుకోవచ్చు. కస్టమర్లు మాత్రం రెండోసారి రారు.

నిద్రలేని_డ్రైవర్
లెక్క వేసుకుందాం. నిజాంపేట నుంచి ఔటర్ ఎక్కి శంషాబాద్ దగ్గర బెంగళూరు హైవే. కర్నూలు దాకా నున్నటి రోడ్డే, టిఫిన్‌కి ఆగడం, పిల్లల కోసం ఆగడం కలిపి నాలుగున్నర గంటలు. కర్నూలు దాటాక నంద్యాల రోడ్డు పట్టుకుని, ఓర్వకల్లు మీదుగా పాణ్యం వెళ్లి, అక్కడ తిరిగి బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు. జమ్మలమడుగు నుంచి కోట ఇంకో 15 కిలోమీటర్లు. టైమంతా తినేసేది ఈ రెండో సగమే. సిమెంటు లారీలు, నాపరాళ్ల లారీలు, ప్రతి ఊళ్లో స్పీడ్ బ్రేకర్లు. మొత్తం ఎనిమిది గంటలు పెట్టుకోండి. ఆదివారం మళ్లీ ఎనిమిది. అమ్మగారి మోకాళ్లు కోట మెట్ల దాకా ఆగవు, మీ వెనక సీట్లోనే సమ్మె చేస్తాయి. ఇంతకీ ఏ కారు?

శనాదివారం
ఎర్టిగా. మూడో వరసలో బావమరిది.

చార్మినార్_చాయ్
లిస్టు రాసినోడికి మూడో వరస. న్యాయం జరిగింది.

కొల్లాపూర్_కాకా
ఇంత దూరం ఎందుకు పోవాలె? నది కావాలి, కొండలు కావాలి, చిన్న ఊరు కావాలి, అంతే కదా. మా కొల్లాపూర్ పక్కన సోమశిల ఉంది. 180 కిలోమీటర్లు వస్తది. కృష్ణ, శ్రీశైలం బ్యాక్ వాటర్, ఒడ్డున సోమేశ్వరుని గుడి, కాటేజీలు. నీళ్లు ఉన్నప్పుడు లాంచీ నడుస్తది. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేపల పులుసు తినుకుంట కూసోవచ్చు. అమ్మకు కూడా సుఖం.

బుల్లెట్_బాబాయ్
కాకా, గండికోట అని టైటిల్ కనిపిస్తే చాలు, ప్రతి థ్రెడ్‌లోకీ సోమశిలను తీసుకొస్తారు మీరు.

కొల్లాపూర్_కాకా
మంచిగుంది కాబట్టే తెస్తున్న.

రాళ్లపిచ్చి
సోమశిల బాగుంటుంది, కాదనను. కానీ అది నీళ్లు చూడటానికి. గండికోటలో చూడాల్సింది రాయి. పెన్న అక్కడ ఎర్రమల కొండల్ని నిలువునా కోసేసింది. ఇరుకైన చోట లోయ వెడల్పూ లోతూ రెండూ మూడు వందల అడుగుల దరిదాపుల్లో ఉంటాయి. గోడలు అంత నిటారుగా ఎందుకున్నాయంటే అది క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుక గట్టిపడి రాయైంది. కడప బేసిన్ రాళ్లంటే వంద కోట్ల ఏళ్ల పైమాటే. అన్నేళ్లయినా ఇక్కడ పొరలు పెద్దగా వంగలేదు, దాదాపు అడ్డంగానే ఉండిపోయాయి. వాటికి తోడు నిలువు పగుళ్లు. అడ్డంగా పొర, నిలువుగా పగులు, దాంతో రాయి దిమ్మలు దిమ్మలుగా ఊడుతుంది. అంచున ఎవరో మేస్త్రీ పేర్చి వెళ్లినట్టు కనిపించే బండలన్నీ అలా వచ్చినవే. 

పిల్లలకు ఒక పని అప్పజెప్పండి. అంచుకు దూరంగానే, పడిపోయిన బండల పైభాగం చూడమనండి. కొన్నిటి మీద అలల గీతలుంటాయి, లోతు తక్కువ నీళ్ల అడుగున ఇసుక మీద పడతాయే, అవే. వేలితో తడిమితే తెలుస్తుంది. సెల్ఫీల జనం వాటి మీదే కూర్చుని చిప్స్ తింటుంటారు.

అరిజోనా_రిటర్న్
అసలు గ్రాండ్ కాన్యన్ చూసినవాడిగా ఒక మాట. అది ఒకటిన్నర కిలోమీటరుకు పైగా లోతు, పొడవు వందల కిలోమీటర్లు. దీన్ని ఇండియన్ గ్రాండ్ కాన్యన్ అని ఊరించి తీసుకెళ్తే పిల్లలు నిరాశపడతారు.

జమ్మలమడుగోడు
ఆ పేరు మేం పెట్టలేదు సామీ. మా తాత మేకలు తోలుకుని పోయిన నాడూ గండికోటే, ఇప్పుడూ గండికోటే. అమెరికా పేరు తగిలిస్తే గానీ మీ హైదరాబాదోళ్లు కదలరు, మేమేం చేసేది.

చార్మినార్_చాయ్
అరిజోనా అన్న ఎక్కడికి పోయినా ఒక మాట చెప్పే వస్తాడు. మొన్న హుస్సేన్ సాగర్‌ను మిషిగన్ లేక్‌తో పోల్చాడు.

జమ్మలమడుగోడు
శనాదివారం అన్నా, మాది జమ్మలమడుగే, ఉద్యోగం మియాపూర్‌లో. ఇంటికి పోవాలంటే నేను కారు తియ్యను. శుక్రవారం రాత్రి కాచిగూడలో వెంకటాద్రి ఎక్కి పడుకుంటే తెల్లవారుజామున ఎర్రగుంట్ల. అక్కణ్ణుంచి జమ్మలమడుగు పాతిక కిలోమీటర్ల లోపే. ముందే ఒక బండి మాట్లాడి పెట్టుకుంటే రెండు రోజులూ ఆ డ్రైవరే తిప్పుతాడు. అమ్మ పడుకుని వస్తాది, పిల్లలకు రైలు సంబరం. ఆదివారం రాత్రి అదే రైలు ఎక్కితే సోమవారం పొద్దున కాచిగూడ. టైములు ఒకసారి చూసుకోండి. అది తిరుపతి జనం ఎక్కే రైలు, 60 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు కదా, రేపు మాపు అంటే వెయిటింగ్ లిస్టే.

ఇంకో మాట కూడా చెప్పాల. మీరంతా పులిహోర మూట కట్టుకుని వచ్చి, లోయ దగ్గర తిని, ఆకులూ ప్లేట్లూ ఆడనే పారేసి, మా ఊళ్లో ఒక టీ కూడా తాగకుండా పోతారు. మళ్లీ ‘ఊళ్లో ఏమీ లేదు’ అని రివ్యూ. దిగండి, తినండి. పొద్దున ఉగ్గాని బజ్జి, రాత్రికి సంగటి, నాటుకోడి.

వంకాయ_బజ్జీ
ఉగ్గాని తెలియని వాళ్ల కోసం: బొరుగుల్ని నీళ్లలో ముంచి వెంటనే పిండి తీసేయాలి. అరచేతిలో మెత్తగా అణగాలి, ముద్ద మాత్రం కాకూడదు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తిరగమోతలో వేసి కలిపి, దించేముందు పుట్నాల పొడి చల్లుతారు, ఆ పొడే బొరుగుల్లో మిగిలిన తడిని పీల్చేస్తుంది. పక్కన మిరపకాయ బజ్జి లేకపోతే లెక్కలోకి రాదు. హైదరాబాద్‌లో ఈ పేరుతో పెట్టేది చల్లారిపోయిన అటుకుల ఉప్మా లాగా ఉంటోంది. కారం దోశ కూడా ఆ వైపే తినాలి, కడప, ప్రొద్దుటూరు పక్కన. పిల్లలకు మాత్రం ఎర్రకారం లేకుండా అని ముందే చెప్పండి, ‘కొంచెం తక్కువ’ అంటే వాళ్ల తక్కువ మనకు ఎక్కువ.

ఇద్దరి_అమ్మ
తిండి సంగతి సరే, బాత్రూమ్ గురించి అడిగారు కదా, దానికి ఎవరూ జవాబివ్వలేదు. నేను ఇస్తా. మేం పోయినేడాది చలికాలంలో టెంట్ బుక్ చేశాం. ఫొటోలో లోయ అంచున, టెంట్ గుడ్డ తీస్తే నది. తీరా వెళ్తే రోడ్డు పక్కన చదును చేసిన స్థలంలో వరసగా టెంట్లు, అందరికీ కలిపి రెండే టాయిలెట్లు, తెల్లారేసరికి ఒకదానిలో నీళ్లు అయిపోయాయి. పక్క టెంట్ బ్యాచ్ స్పీకర్ రాత్రి ఎంతకీ ఆపలేదు. మా చిన్నది నిద్ర లేక ఏడుపు. పెద్దావిడతో టెంట్ వద్దే వద్దు. కోటకు ముందే పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, గదులు తక్కువ కాబట్టి ముందే పట్టుకోండి. అది దొరక్కపోతే జమ్మలమడుగులో గానీ ప్రొద్దుటూరులో గానీ లాడ్జి తీసుకుని పొద్దున్నే కోటకు రండి.

బుల్లెట్_బాబాయ్
టెంట్‌ను అంత తీసిపారేయకండి మేడమ్. డిసెంబర్ చలిలో, వెన్నెల లేని రాత్రి అక్కడ ఆకాశం చూస్తే టాయిలెట్ సంగతి గుర్తుండదు.

ఇద్దరి_అమ్మ
మీకు గుర్తుండదు. ఐదేళ్ల పిల్లాడికి అర్ధరాత్రి గుర్తొస్తుంది.

చార్మినార్_చాయ్
ఈ రౌండ్ మేడమ్‌దే.

శనాదివారం
గదే అని ఫిక్స్. అంచు దగ్గర పిల్లల సంగతి చెప్పండి, అసలు టెన్షన్ అదే.

ఇద్దరి_అమ్మ
కోటలోపల పర్లేదు. మాధవరాయ గుడి, జామియా మసీదు, దాని పక్కన ధాన్యాగారం, ముందువైపు జైలు, అన్నీ నడిచే దూరంలోనే. అమ్మగారు నెమ్మదిగా తిరగొచ్చు, నీడన కూర్చోవడానికి మండపాలున్నాయి. లోయ చూసే చోటుకు వెళ్లాలంటే మాత్రం దారంటూ ఏమీ ఉండదు, పెద్ద పెద్ద బండల మీదుగా ఎక్కి దిగి పోవడమే. ఆ చివరి భాగం మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు కాదు. పిల్లలను తీసుకెళ్తే ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి, చెయ్యి వదలకూడదు, ఆ రెండో చేతిలో ఫోన్ ఉండకూడదు. గాలి ఒక్కోసారి ఉన్నట్టుండి తోస్తుంది. పెద్దలు వంతులేసుకోండి, ఇద్దరు లోయకు, ఒకరు అమ్మగారి దగ్గర.

జమ్మలమడుగోడు
అక్క చెప్పింది నిజం. వానకు తడిసిన బండ మీద చెప్పులతో ఎక్కనే ఎక్కొద్దు. చీకటి పడినాక అంచుకు పోవద్దు. తాగినోళ్లు చుట్టుపక్కల ఉంటే ఆ బండ వదిలి ఇంకో బండకు పోండి, మైళ్ల పొడుగునా ఉంది లోయ.

కోటగోడ
లోయ ఒక్కటే చూసి తిరిగొచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. అది మొదట కోట. విజయనగరం రోజుల నుంచి పెమ్మసాని నాయకులది. హైదరాబాద్ వాళ్లకు దీంతో పాత లెక్క ఒకటుంది: 1650 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా తరఫున మీర్ జుమ్లా వచ్చి దీన్ని పట్టుకున్నాడు. మూడు వైపులా రక్షణ ఏర్పాటు చేసుకోవచ్చు గానీ, నాలుగో వైపు ఆ లోయను దాటి ఎవడొస్తాడు? అందుకే అంత గిరాకీ. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ మీర్ జుమ్లాను కలవడానికి ఇక్కడికే వచ్చాడు. అప్పటికి మీర్ జుమ్లా గుళ్లలోని రాగి విగ్రహాలు పోగుచేసి, ఒక ఫ్రెంచి మనిషితో ఫిరంగులు పోయించే పనిలో ఉన్నాడట. గండికోట గుడి విగ్రహాలు కొన్ని మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదని టావెర్నియర్ రాసుకున్నాడు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. ఖాళీగా ఉన్న మాధవరాయ గుడి గర్భగుడి ముందు నిలబడి ఈ కథ పిల్లలకు చెప్పండి, తర్వాత వాళ్లే గోడలు వెతుకుతారు.

చార్మినార్_చాయ్
అయితే హైదరాబాద్ వైపు నుంచి గండికోటకు పోయిన మొదటి బ్యాచ్ మీర్ జుమ్లాది. ఆయనకీ మ్యాప్ ఎనిమిది గంటలు చూపించిందా?

కోటగోడ
నవ్వండి నవ్వండి. గండికోటలో మీ పేరుతో ఒక చార్మినార్ కూడా ఉంది, తెలుసా? నాలుగు మినార్ల చిన్న కట్టడం, పావురాల గూడు అంటారు.

చార్మినార్_చాయ్
పక్కన ఇరానీ చాయ్ ఉంటేనే ఒప్పుకుంటా.

శనాదివారం
కథలు భలే ఉన్నాయి, పిల్లలకు పనికొస్తాయి. బేలం సంగతి? బావమరిది దాని మీదే పట్టు పట్టాడు.

రాళ్లపిచ్చి
బావమరిది నాకు నచ్చాడు. బేలం గుహలు కొలిమిగుండ్ల మండలంలో, మీరు వచ్చే దారికి దగ్గర్లోనే. మొత్తం 3,229 మీటర్ల పొడవు, అందులో జనాన్ని పంపేది ఒకటిన్నర కిలోమీటరు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీని గురించి రాశాడు. తర్వాత దాదాపు నూరేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1980ల మొదట్లో జర్మన్ గుహాన్వేషకులు లోపల కొలతలు తీశారు, 2002లో జనానికి తెరిచారు. గండికోట రాయి వేరు, ఇది వేరు. ఇది సున్నపురాయి, నీటికి కరుగుతుంది, అందుకే కొండ లేకుండానే చదునైన పొలాల కింద గుహ. పైన నిలబడితే కింద ఏదో ఉందని అసలు అనిపించదు. మీ ఇంట్లో వంటగది గట్టు కడప బండ అయితే, పాత ఇంటి వసారాలో నాపరాళ్లుంటే, ఆ సరుకంతా ఈ పట్టీలోంచి వచ్చిందే. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి, జమ్మలమడుగు, దారంతా రోడ్డు పక్కన పలకలు నిలబెట్టి ఉంటాయి చూడండి.

నిద్రలేని_డ్రైవర్
బేలం నేను వద్దంటా. లోపల ఉక్క. గాలి గొట్టాలు పెట్టారు సరే, బయటికొచ్చేసరికి చొక్కా పిండుకోవాలి. కిందికి దిగడానికి మెట్లు, కొన్ని చోట్ల వంగి నడక, పాతాళగంగ వైపు ఇంకా కిందికి. అమ్మగారు రాలేరు, ఐదేళ్లవాడు సగంలో ఎత్తుకోమంటాడు.

రాళ్లపిచ్చి
జనవరిలో కూడా ఉక్కే, ఒప్పుకుంటా. కానీ అంత దూరం వెళ్లి బేలం చూడకుండా వచ్చేస్తారా?

నిద్రలేని_డ్రైవర్
వస్తారు. హాయిగా వస్తారు. భూమి కింద ఉన్నది ఎక్కడికీ పోదు.

పెన్న_అవతల
చాలాసేపట్నుంచి చదువుతున్నా. మాది కొండాపురం మండలం. గండికోట రిజర్వాయర్ 26.85 టీఎంసీలది, దాని కింద మా ఊళ్లు పోయాయి. తాళ్లప్రొద్దుటూరు అని ఒక ఊరు, 2020లో నీళ్లు నింపేటప్పుడు ఖాళీ అయింది. అందులో పెన్న నీళ్లకన్నా శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, గోరకల్లు, అవుకు మీదుగా వచ్చే కృష్ణ నీళ్లే ఎక్కువ. రీల్స్‌లో నీళ్లు ఎంత బాగున్నాయో అంటే నాకు కోపమేం లేదు. నీళ్లు రావాలని మా నాన్న కూడా అన్నాడు, కరువు చూసిన మనిషి కాబట్టి. పరిహారం సంగతులు ఈ థ్రెడ్‌లో వద్దు. ఒకటే మాట, అక్కడికొచ్చే వాళ్లు ‘ఎవరూ లేని ప్రదేశం, ఎంత ప్రశాంతమో’ అని మా ముందే అనేస్తుంటారు. కోటలోపల ఇప్పటికీ ఇళ్లున్నాయి, మనుషులున్నారు. వాళ్ల వాకిట్లో డ్రోన్ ఎగరేసే ముందు అడగండి.

కొల్లాపూర్_కాకా
తమ్మీ, మాది కూడా గదే కథ. పాత సోమశిల శ్రీశైలం నీళ్లల్లనే ఉంది, గుడిని రాయి రాయి విప్పి పైకి తెచ్చి కట్టిన్రు. మా ఊళ్లను ముంచిన నీళ్లే కాల్వలెంట వచ్చి మీ ఊరినీ ముంచినయన్నట్టు.

పెన్న_అవతల
అంతే కాకా. కొత్త ఇల్లు కట్టుకున్నాం, పెరట్లో చెట్లు ఇంకా చిన్నవి.

అడ్మిన్_అన్న
డ్రోన్ అనుమతుల మీద ఎవరో వాదన మొదలుపెట్టారు, ఆ పోస్టులు వేరే థ్రెడ్‌కి మార్చాను. ఇక్కడ ప్రయాణం గురించే మాట్లాడండి.

శనాదివారం
అప్‌డేట్. రాత్రి భోజనాల దగ్గర ఇదంతా అమ్మకు చదివి వినిపించా. ఆమె అన్న మాట: ‘నాకు లోయతో ఏం పని రా, యాగంటి బసవన్నను చూపించు చాలు.’ ఇన్నాళ్లూ ఎవరూ ఆమెను అడగనే లేదు. ఇప్పుడు యాగంటి తప్పనిసరి. రైలు ప్లాన్‌లో యాగంటి ఎలా కలపాలి?

జమ్మలమడుగోడు
కలవదన్నా. ఎర్రగుంట్లలో దిగితే యాగంటి వెనక్కి పడతాది, బనగానపల్లె దాటి పోవాల. అమ్మ మాట అయితే కారే తియ్యి.

నిద్రలేని_డ్రైవర్
అయితే ఇలా చేయండి. శుక్రవారం ఆఫీసు నుంచి ఒక గంట ముందు బయటపడి, సాయంత్రం ఆరింటికల్లా ఔటర్ ఎక్కండి. కర్నూలులో రాత్రి బస. శనివారం పొద్దున టిఫిన్ చేసి బయలుదేరితే తొమ్మిదిన్నర, పదికి యాగంటి. అక్కడి నుంచి బనగానపల్లెలో భోజనం, మధ్యాహ్నం నాలుగు లోపు గండికోట. ఎండ తగ్గాక లోయ. ఆదివారం సూర్యోదయం, తర్వాత కోట, పదకొండుకు బండి తిరిగిపోవాలి. ఇలాగైతే ఏ రోజూ ఎనిమిది గంటలు ఏకధాటిగా కూర్చోవాల్సిన పని ఉండదు, ఆదివారం తప్ప.

వంకాయ_బజ్జీ
యాగంటిలో గుడి దాకా అమ్మగారికి ఇబ్బంది లేదు. కోనేరు నీళ్లు కొండలోంచి వస్తాయి, చల్లగా భలే ఉంటాయి. పక్కన గుహలకు మాత్రం మెట్లు నిటారు, ఒక్కో మెట్టు మోకాలెత్తు. అవి బావమరిదికి వదిలేయండి. బసవన్న పెరుగుతున్నాడని అందరూ చెప్తారు, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లట, ఇప్పుడు స్తంభాల మధ్య చోటు చాలదంటారు. అక్కడ కాకులు కనపడవని కూడా అంటారు, అగస్త్యుడి శాపమట.

చార్మినార్_చాయ్
పిల్లలకు డ్యూటీ దొరికింది. కాకి కనిపిస్తే వంద రూపాయలు.

కోటగోడ
ఆదివారం తిరుగు ప్రయాణంలో తాడిపత్రి పెట్టండి అని నేను గట్టిగా చెప్తా. గండికోట ఏలిన పెమ్మసాని వాళ్లే అక్కడ గుళ్లు కట్టించారు. కోటలో రాయి మోటుగా, బరువుగా ఉంటుంది. అదే వంశం తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వర ఆలయం గోపురాల మీద ఎంత సన్నగా చెక్కించిందో చూస్తే ఇద్దరూ ఒకరేనా అనిపిస్తుంది. పైగా ఆ గోపురాలు పూర్తి కాలేదు. చింతల వెంకటరమణ గుడి ఊళ్లోనే. తాడిపత్రి నుంచి గుత్తికి వచ్చేస్తే మళ్లీ బెంగళూరు హైవే, కర్నూలు దాకా ఆగే పని లేదు.

నిద్రలేని_డ్రైవర్
కొంచెం చుట్టే, కానీ లారీల రోడ్డు తప్పుతుంది కాబట్టి ఒప్పుకుంటా. రెండు గుళ్లకూ కలిపి గంటన్నర, అంతకు మించితే ఇంటికి చేరేసరికి సోమవారం.

బుల్లెట్_బాబాయ్
ఇంతకీ జనవరిలో ఏ వారం? రిపబ్లిక్ డే కలిసొచ్చే వారం అయితే మానుకోండి. బెంగళూరు వాళ్లకు గండికోట మనకన్నా దగ్గర, లాంగ్ వీకెండ్ వస్తే సగం కోరమంగళ అక్కడే ఉంటుంది. బండ మీద నిలబడి ఫొటో దిగడానికి కూడా క్యూ.

శనాదివారం
సంక్రాంతి అయిపోయాక వచ్చే మామూలు శనివారం చూస్తున్నా. ఇంకా వెనక్కి జరపొచ్చా, మార్చి అలా? పిల్లల పరీక్షలయ్యాక.

జమ్మలమడుగోడు
మార్చి అంటే మాకు ఎండాకాలం వచ్చినట్టే. ఆ బండలు పగలంతా కాగి, పొద్దు కుంకినా సెగ వదలవు. ఏప్రిల్, మే అయితే నేనే పోను. ఫిబ్రవరి దాటనీయొద్దు. నీళ్ల సీసాలు ఎక్కువే పెట్టుకోండి, కోటలో అడుగడుగునా అంగళ్లుండవు.

అరిజోనా_రిటర్న్
ఎవరైనా సన్‌స్క్రీన్ గురించి చెప్పారా?

చార్మినార్_చాయ్
అన్నా, అక్కడ తలకు టవల్ కట్టుకుంటారు. ఎస్‌పీఎఫ్ వంద.

శనాదివారం
ఫైనల్ ఇదీ. శుక్రవారం కర్నూలు. శనివారం యాగంటి, సాయంత్రం గండికోట, హరితలో రెండు గదులు (పొద్దున్నే బుక్ చేశా). ఆదివారం సూర్యోదయానికి నేను, పాప, మా ఆవిడ. తర్వాత అందరం కోట, ఉగ్గాని జమ్మలమడుగులోనే, తాడిపత్రి మీదుగా ఇంటికి. బేలం తీసేశాం. బావమరిది అలిగాడు.

రాళ్లపిచ్చి
బావమరిదికి నా సానుభూతి తెలియజేయండి. శనివారం మీరు యాగంటి నుంచి ఒంటిగంటకే బయటపడితే మాత్రం మిగతావాళ్లు భోంచేసేలోపు అతన్ని గుహలో దింపొచ్చు.

ఇద్దరి_అమ్మ
రాళ్లపిచ్చి గారు, వాళ్ల ప్లాన్‌ను మళ్లీ కెలక్కండి. కొలిమిగుండ్ల దగ్గర కారు ఆపి పెద్దావిడ, పిల్లలు అతని కోసం ఎంతసేపు కాచుకోవాలి?

జమ్మలమడుగోడు
ఊళ్లోకి వచ్చినాక ఇక్కడ మెసేజ్ పెట్టన్నా. ఆ శనివారం నేను ఇంటికాడే ఉంటే ఉగ్గాని ఖర్చు నాది.

చార్మినార్_చాయ్
ఎర్టిగా ఏడు సీట్లు, మీరు ఆరుగురు. పెట్రోల్ షేర్ చేస్తా, కర్నూలులో దింపేయండి, మా పెద్దమ్మ వాళ్లింటికి పోవాలి.

శనాదివారం
ఆ సీటు అరిసెల డబ్బాకు బుక్కైపోయింది. బావమరిది పక్కన దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చుంటానంటే రండి.

చార్మినార్_చాయ్
డబ్బా నిండుగా చేరుతుందని హామీ ఇవ్వను. పికప్ ఎక్కడ, ఆరాంఘర్ దగ్గరా?